సగం కనిపించే సీటు

థియేటర్ల వాళ్లు ఉన్నదున్నట్టు చెప్పి అమ్మే సరుకు నాకు తెలిసి ఒకటే: సగమే కనిపించే సీటు. లండన్ రాయల్ ఒపేరా హౌస్‌లో బ్యాలేకి టికెట్ కొనబోతే పక్క వరసల్లో చాలా సీట్లకి ‘రిస్ట్రిక్టెడ్ వ్యూ’ అని ముందే రాసుంటుంది. ఇక్కడ కూర్చుంటే స్టేజీలో ఒక వైపు మీకు కనబడదు, అందుకే ధర తక్కువ, ఇష్టమైతే కొనుక్కోండి. ప్యారిస్‌లోని పాలే గార్నియేలో స్టేజీ దాదాపు కనబడని సీట్లు కూడా అమ్ముతారు. సంగీతం వినడానికో, పైకప్పు మీద షగాల్ వేసిన బొమ్మ చూడటానికో వెళ్లేవాళ్లుంటారు కాబోలు.

మనకి ఇది వింతగా ఉంటుంది. మనం పెరిగింది సినిమా హాళ్లలో. నేల టికెట్టు కొన్నా బాల్కనీ కొన్నా తెర మొత్తం కనిపిస్తుంది. నేలవాడికి మెడనొప్పి అదనం, అంతే. చిరంజీవి ఎడమ చెయ్యి నీకు రాదు, అది పై క్లాసు వాళ్లకి మాత్రమే అని ఏ హాలువాడూ అనలేదు. కానీ పాత యూరప్ హాళ్లు గుర్రపు నాడా ఆకారంలో ఉంటాయి. రెండు వైపులా అంతస్తులు అంతస్తులుగా బాక్సులు ఒకదానికొకటి ఎదురుగా. అక్కడికి వచ్చేవాళ్లకి స్టేజీ ఎంత ముఖ్యమో, ఎదుటి బాక్సులో ఎవరు ఎవరితో వచ్చారో చూడటం అంతే ముఖ్యం. ఆ హాళ్లలో పక్కన కూర్చున్నవాడికి స్టేజీ కంటే ఎదుటి ప్రేక్షకులే బాగా కనిపిస్తారు.

ఉద్యోగం పుణ్యమా అని లండన్‌లో రెండేళ్లున్నాను. ఎదురుగా ఉండే ఒక మంచి సీటు డబ్బులతో పక్క సీట్లు ఏడెనిమిది వచ్చేవి. లెక్క వేసుకుని పక్క సీట్లే కొన్నాను, ఆ రెండేళ్లూ. అక్కడే ఉండే ఒక మిత్రుడు, సంగీతం బాగా తెలిసినవాడు, ఇది విని కోప్పడ్డాడు. “అది చూడటం కాదు, చూశానని చెప్పుకోవడం. కొరియోగ్రాఫర్ స్టేజీ మొత్తాన్ని ఒక బొమ్మలా అమర్చుకుంటాడు. నువ్వు సగం చింపి ఇంటికి తెచ్చుకుంటున్నావు. ఏడాదికి ఒక్కటి చూడు, పూర్తిగా చూడు.”

ఇది డబ్బుల విషయం కాదని అప్పుడే అనిపించింది. ఒక పని మీద ఎవరో ప్రాణం పెడితే, దాన్ని సగం చూడటానికి తెలిసి తెలిసి ఒప్పుకోవడం సరైనదేనా? అతని వాదనలో బలం ఉంది. ‘లా బయాదేర్’ అనే బ్యాలే తీసుకోండి. 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మారియుస్ పెతిపా కూర్చినది, మింకుస్ సంగీతం. (కథ మన దేశంలో జరుగుతుంది, గుళ్లో నాట్యం చేసే అమ్మాయి కథ. దేవదాసిని, ఫకీరుని, పులివేటని కలిపి వండిన ఆ ఇండియా చూస్తే, ఆయనకి మనం ఏ చివరి సీట్లోంచి కనబడ్డామో అర్థమవుతుంది.) అందులో ఛాయల లోకం అనే ఘట్టం ఉంది. స్టేజీ వెనక మూలలో ఉన్న ర్యాంపు మీదుగా తెల్లటి దుస్తుల్లో ఒక అమ్మాయి వస్తుంది, ఒక కాలు వెనక్కి చాచి ముందుకి వంగుతుంది, రెండడుగులు వేస్తుంది. వెనక ఇంకో అమ్మాయి, అదే కదలిక. తర్వాత ఇంకొకరు. అదే వాక్యం మళ్లీ మళ్లీ రాసినట్టు, ఇరవైమందికి పైగా, స్టేజీ అంతా నిండేదాకా. ర్యాంపు ఉన్న వైపు పై బాక్సులో కూర్చుంటే ఆ దిగి రావడమే కనబడదు. మనుషులు గోడలోంచి పుట్టుకొస్తున్నట్టు ఒక్కొక్కరే మన చూపులో పడతారు. నేను మొదటిసారి చూసింది అలాగే. అది పెతిపా చేసిన డాన్స్ కాదు అంటే కాదనలేను.

కానీ ఆ ‘ఎదురుగా’ ఎవరి కోసం వచ్చింది? ఇటలీ, ఫ్రాన్సు రాజుల కొలువుల్లో నాటకాలకి వెనక గీసే పర్‌స్పెక్టివ్ తెరలు ఒక్క కుర్చీని దృష్టిలో పెట్టుకుని గీసేవాళ్లు. రాజుగారి కుర్చీ. వీధులూ స్తంభాలూ దూరంగా వెళ్లి కలిసే బిందువు సరిగ్గా ఆయన కంటికి ఎదురుగా ఉండేది. ఆయనకి ఎంత దూరంగా కూర్చుంటే బొమ్మ అంత వంకర. మనం గేమ్ ప్రోగ్రామింగ్‌లో కెమెరాకి కనబడని ముఖాల్ని అసలు గియ్యం, దండగ అని వదిలేస్తాం. వాళ్లదీ అదే పద్ధతి, కాకపోతే కెమెరా స్థానంలో మనిషి. బ్యాలే పుట్టి పెరిగింది అలాంటి కొలువుల్లోనే. పద్నాలుగో లూయీ స్వయంగా డాన్సర్, 1661లో డాన్స్ కోసం ఒక అకాడెమీ పెట్టాడు. ఈ రోజుకీ బ్యాలే క్లాసులో నేర్పే భంగిమల పేర్లలోనే ఎదురుగా ఉన్న ఆ చూపు దాక్కుని ఉంటుంది. క్రోజే అంటే కాళ్లు ఒకదాన్నొకటి అడ్డంగా దాటినట్టు కనబడటం. ఎఫాసే అంటే విడివడి తెరుచుకున్నట్టు కనబడటం. ఎవరికి కనబడటం? ఎదురుగా కూర్చున్నవాడికి. పక్కన కూర్చున్న నాకు ఒకటి ఇంకోదానిలా కనిపిస్తుంది. కాబట్టి నా మిత్రుడు ‘పూర్తిగా’ అంటున్నది నిజానికి ‘రాజుగారి చోటు నుంచి’ అని. ఆ చోటు మంచిదే. కానీ అది కూడా ఒక చోటే.

ఈ రాజుగారి గొడవ మనకెందుకు అనిపించొచ్చు. బ్యాలే అనే మాట మనదాకా వచ్చింది కాబట్టి. తిరుపతిలో ‘ఈ సాయంత్రం బ్యాలే ఉంది’ అంటే హంసల సరస్సు అని ఎవరూ అనుకోరు. కూచిపూడి నృత్య రూపకం అని అర్థం. మహతి ఆడిటోరియంలోనో, అన్నమాచార్య కళామందిరంలోనో, బ్రహ్మోత్సవాలప్పుడైతే రామచంద్ర పుష్కరిణి దగ్గరో. కూచిపూడిని ఇలా ఎదురుగా కూర్చుని చూసే కళగా మలిచినవాళ్లలో ముఖ్యుడు వెంపటి చినసత్యం. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడెమీ పెట్టి ‘శ్రీకృష్ణ పారిజాతం’, ‘చండాలిక’, ‘క్షీరసాగర మథనం’ లాంటివి చేశారు. గుంపులు ఎటు నుంచి రావాలి, దీపం ఎవరి మీద పడాలి, ఎవరు ఎవరికి అడ్డం రాకూడదు అన్న ఆలోచన స్టేజీకి తగ్గట్టు వాటిలో కుదిరింది. అంతకుముందు కూచిపూడి మేళాలు ఊళ్లలో ఆరుబయట రాత్రంతా ఆడేవి. జనం మూడు వైపులా. వెలుగు కాగడాలది. కాగడా ఎవరి మొహం దగ్గరుంటే వాళ్లే కనిపించేది, మిగతాదంతా చీకటి.

పైగా ఆ ఆటలో దాచడం ఒక పద్ధతి. భామాకలాపంలో సత్యభామ ఒక్కసారిగా వచ్చెయ్యదు. ఇద్దరు పట్టుకున్న తెర వెనక నిలబడి, జడ ఒక్కటి తెర మీదుగా బయటికి వేస్తుంది. నాకు సాటివచ్చేవాళ్లెవరైనా ఉంటే రండి అనే సవాలు అది. ఆ కాసేపూ అందరిదీ రిస్ట్రిక్టెడ్ వ్యూనే, కరణంగారిదైనా కూలివాడిదైనా. సింహనందిని సంగతి ఇంకా విచిత్రం. సి.ఆర్. ఆచార్యులు మళ్లీ వెలుగులోకి తెచ్చిన నృత్యం. నేల మీద రంగుపొడి, దాని మీద బట్ట, తాళానికి అడుగులు వేస్తూ పాదాలతో సింహం బొమ్మ గీస్తారు. గీస్తున్నంతసేపూ ఏ సీట్లోంచీ ఆ బొమ్మ సరిగ్గా కనబడదు. అయిపోయాక బట్ట ఎత్తి చూపిస్తే అప్పుడు తెలుస్తుంది, ఇందాక మనం చూసింది సింహం తోకని అని.

ఇక మన హాళ్లలో సీట్ల సంగతి. చాలా చోట్ల ప్రవేశం ఉచితం, ఎవరైనా రావచ్చు, అది గొప్ప విషయమే. ఉచితమైన చోట సీటుకి ధర ఉండదనుకుంటే మాత్రం పొరపాటు. పేరెందుకులే, ఒక ఊళ్లో ఒక హాల్లో ముందు మూడు వరసలు తెల్ల గుడ్డలు కప్పిన సోఫాలు. కార్యక్రమం సగమయ్యేదాకా ఖాళీ. తర్వాత పెద్దలొచ్చారు, డాన్స్ ఆపి సన్మానాలు జరిగాయి, ఫొటోలు దిగారు, వెళ్లిపోయారు. మళ్లీ ఖాళీ. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లని వాటిలో కూర్చోనివ్వలేదు. రాయల్ ఒపేరా హౌస్ పక్క సీటు కంటే ఇది నాకు పెద్ద అన్యాయంగా కనిపించింది. అక్కడ నాకు సగం ఎందుకు కనబడదో, ఎంత తగ్గించారో ముందే చెప్పారు. ఇక్కడ నా సగం ఎవరో రాని మనిషికి రాసిపెట్టి ఉంది. (ఒక చిన్న సంతోషం: స్టేజీ మరీ ఎత్తుగా ఉంటే ఆ సోఫాలోంచి డాన్సరు పాదాలు కనబడవు. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడుతుంటే, పెద్దమనిషికి నడుము నుంచి పైకే దర్శనం. పళ్లెం చూడాలంటే వెనక మెట్లెక్కాలి.)

నేను చెప్పదలుచుకున్నదానికి అసలైన ఉదాహరణ హాళ్లలో లేదు, చిత్తూరు జిల్లా పల్లెల్లో ఉంది. ధర్మరాజుల గుళ్ల దగ్గర, ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర ఎండాకాలంలో భారతం పెడతారు. మధ్యాహ్నం హరికథ, రాత్రికి వీధినాటకం, సాధారణంగా 18 రోజులు. చివరి రోజు పొద్దున దుర్యోధన వధ. భారతం మిట్ట మీద మట్టితో దుర్యోధనుణ్ణి వెల్లకిలా పడుకోబెడతారు. మామూలు బొమ్మ కాదు, పదుల అడుగుల పొడవు. రంగులు వేసి, మీసాలు దిద్ది, కిరీటం పెట్టి. ఆ మట్టి శరీరం చుట్టూ, దాని మీదా భీముడి వేషగాడూ దుర్యోధనుడి వేషగాడూ గదలతో తరుముకుంటారు. చివరికి తొడ మీద దెబ్బ. ద్రౌపది వేషం వచ్చి ఆ ఎర్రదనం తలకి రాసుకుని కొప్పు ముడుస్తుంది. సాయంత్రం నిప్పులు తొక్కుతారు.

నేల మీద నిలబడ్డ మనిషికి ఆ దుర్యోధనుడు పూర్తిగా కనబడే చోటు ఒక్కటీ లేదు. చుట్టూ వేల మంది. తల దగ్గర ఉన్నవాళ్లకి తొడ కనబడదు, తొడ దగ్గరివాళ్లకి మొహం కనబడదు. కాబట్టి ఎక్కడ నిలబడాలన్నది తెల్లారకముందే తేల్చుకోవాలి. తేల్చుకోవడమంటే, ఈ కథలో నీకేం కావాలో తేల్చుకోవడం. చిన్నప్పుడు మేమంతా తొడ దగ్గరికి దూరేవాళ్లం, దెబ్బ అక్కడే కాబట్టి. మా అవ్వ మాత్రం ప్రతిసారీ పాదాల వైపు, గుంపుకి ఎడంగా. ఒకసారి అడిగితే చెప్పింది: “తొడ కాడ దూరితే కొట్టేది ఒకటే కనబడతాది. ఈడుంటే వాడు ప్రాణం కోసం తిరిగేదంతా కనబడతాది.” వాడు అంటే దుర్యోధనుడు. భీముడు గెలిచే ఆటలో ఆవిడ ఓడిపోయేవాణ్ణి చూడటానికి వెళ్లేది, దానికి తగిన చోటు ఎంచుకునేది. దెబ్బ ఆవిడకి ఎన్నడూ సరిగ్గా కనబడి ఉండదు. కావాలని వదులుకుంది.

ఇప్పుడు భారతం డ్రోన్ వీడియోలు యూట్యూబ్‌లో దొరుకుతాయి. పై నుంచి చూస్తే దుర్యోధనుడు తల నుంచి పాదాల దాకా ఒకే ఫ్రేములో పడతాడు. బాగుంటుంది చూడటానికి. కానీ అంతటి మనిషీ అరచేతిలో బొమ్మంత అయిపోతాడు, జనం చీమలు. మట్టిని అంత పెద్దగా పేర్చింది ఒక్కచూపుకి అందకూడదనే కదా.

తిరుపతి మనిషిని కాబట్టి కొండ గురించి చెప్పకుండా ఇది పూర్తి కాదు. సగం చూడటాన్ని పద్ధతిగా నడిపే చోటు దానికి మించి ప్రపంచంలో ఎక్కడుంది? లెక్క చూడండి. రోజుకి 70 వేల మంది అనుకుందాం, దర్శనానికి 18 గంటలు అనుకుందాం. 18 గంటలంటే 64,800 సెకన్లు. ఒకరి తర్వాత ఒకరు వెళ్తే మనిషికి ఒక్క సెకను కూడా రాదు. అందుకే రద్దీ పెరిగితే మహాలఘు దర్శనం: జయవిజయుల దగ్గర నుంచే చూసి పక్కకి జరగాలి. “జరగండి జరగండి” అని తోస్తుంటే మా ఇంటికొచ్చిన చుట్టాలందరూ తిట్టుకుంటారు, ఇంత దూరం వచ్చి సరిగ్గా చూడనే లేదని. తిట్టుకోవడం సహజమే. కానీ అక్కడ నేను నిలబడిపోయిన ప్రతి సెకనూ వెనక ఉన్నవాళ్లది. పది మందికి నిండుగా చూపించడమా, పదివేల మందికి కొంచెం కొంచెం చూపించడమా అంటే, ఆ రెండో దారిని నేను సమర్థిస్తాను. బ్రేక్ దర్శనం పేరుతో కొందరిని ఇంకా దగ్గరికి పంపడాన్ని సమర్థించడం మాత్రం నాకు కష్టం. అక్కడ నా సగం మళ్లీ సోఫా కథ అవుతుంది.

వాళ్లు దగ్గరికి వెళ్లి ఆగే గడప పేరు కులశేఖర పడి. ఆ పేరు కులశేఖర ఆళ్వారుది. చేర రాజు. తిరుమల కొండ మీద ఏదో ఒకటిగా పుట్టాలని ఆయన తమిళంలో పాడుకున్నాడు, కొంగగానో, చేపగానో, చెట్టుగానో. కోరికల్లో ఒకటి స్వామి వాకిట గడపగా పడి ఉండటం. భక్తులూ దేవతలూ తొక్కుకుంటూ పోతారు, ఫరవాలేదు, అక్కడి నుంచి స్వామి నోరు చూస్తూ ఉంటాను అంటాడు. రాజు అడిగిన సీటు అది! మొత్తం విగ్రహం కాదు, కిరీటం కాదు, నోరు. అదీ అందరి కాళ్ల కింద నుంచి. ప్యారిస్ రాజు కోసం హాలంతా ఒక బిందువు దగ్గరికి వంగితే, ఈయన నేల దాకా వంగాడు. సగాన్ని ఎంచుకోవడం అంటే నాకు ఇదే గుర్తొస్తుంది, మా అవ్వ పక్కన.

అయితే ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. రాజు గడప కావాలనుకోవడం వేరు, గడప దాటనివ్వని మనిషి కిటికీలోంచి చూడటం వేరు. ఉడుపిలో కనకదాసు కథ తెలుసు కదా. గుళ్లోకి రానివ్వకపోతే బయట నిలబడి పాడాడని, గోడ బీటలు వారి కృష్ణుడు ఆయన వైపు తిరిగాడని. ఆ కిటికీని ఇప్పటికీ కనకన కిండి అంటారు, భక్తులు అందులోంచి కూడా చూస్తారు. కథ అందంగా ఉంది. ఎంత అందంగా ఉందంటే, దేవుడు తిరిగాడని చెప్పుకుంటూ తలుపు దగ్గర అడ్డం నిలబడ్డవాళ్లని మర్చిపోతాం. తప్పనిసరి అయిన సగాన్ని చూసి ‘ఎంత దొరికినా తృప్తి పడాలి’ అని నీతులు చెప్పేవాళ్లకి ఎప్పుడూ ముందు వరసలోనే సీటుంటుంది. నా పక్క సీటు సరదాగా ఉందంటే, కావాలంటే ఎదుటి సీటు కొనగలిగే జీతం ఉంది కాబట్టే. ఆ ముక్క దాచి ఈ వ్యాసం రాయకూడదు.

ఎంచుకున్న సగానికి కూడా ఒక కట్టుబాటు ఉంది. లండన్‌లో పక్క సీట్ల దగ్గర గొడవంతా ముందుకి వంగడం గురించే. ముందుకి వంగి కటకటాల మీద మోచేతులు పెడితే స్టేజీ ఇంకొంచెం కనిపిస్తుంది. నా సగం ముప్పాతిక అవుతుంది. వెనకాయన సగం పావు అవుతుంది. ఆయన కూడా వంగితే ఆ వెనకాయన నిలబడాలి. మన దగ్గర ఇదే పని ఫోన్లు చేస్తాయి. తను పూర్తిగా చూడటానికి కూడా కాదు, రికార్డింగు పూర్తిగా రావడానికి వెనక పది మందికి తెర కడతారు. సగం సీటు కొన్నవాడు సగంతోనే వెనక్కి ఆనుకుని కూర్చోవాలి. అది ఒప్పందం.

ఇంకొకరి తరఫున సగాన్ని ఎంచుకోవచ్చా అన్నది నాకు 2018లో ఎదురైంది. అమ్మ లండన్ వచ్చింది. లా బయాదేర్ ఆడుతోంది. నా కోసమైతే ఆలోచన లేదు. అమ్మకి? మళ్లీ వస్తుందో రాదో. ఒక్కసారి చూసే మనిషికి పక్క సీటు కొనడం పిసినారితనం కదా. ఎదురుగా రెండు కొనేంత డబ్బు ఆ నెల లేదు. ఎదురుగా అమ్మకి ఒకటి, పక్కన నాకొకటి కొనొచ్చు, కానీ భాష రాని చోట, ఇటు అటు తెలియనివాళ్ల మధ్య మూడు గంటలు? ఎవరికీ చెప్పకుండా నేనే తేల్చెయ్యొచ్చు. అలా కాదని సీటింగ్ మ్యాప్ ల్యాప్‌టాప్‌లో అమ్మ ముందు పెట్టాను. ఎక్కడ ఏం కనబడదో, ఎంతవుతుందో చెప్పాను. చాలాసేపు చూసి, “ఇద్దరం ఒకే కాడ ఉండేది చూడు” అంది. పక్కనే కూర్చున్నాం, ర్యాంపుకి ఎదుటి వైపు. ఛాయలు దిగి రావడం అమ్మకి కనబడింది. నాకు నచ్చింది వేరే. ఆ సీట్లోంచి స్టేజీ పక్క చీకటి వింగ్ కూడా కనబడుతుంది. “రేయ్, ఆ పిల్లోళ్లు లోపలికి పొయ్యి నడుం మింద చేతులు పెట్టుకోని ఎట్లా రొప్పతా ఉండారో చూడు. మళ్లీ వచ్చేటప్పటికి మొగం ఎట్లా మార్చేసుకుంటారో!” ఇంటర్వెల్లో అమ్మ మాట్లాడిందంతా అదే. ఎదురుగా కూర్చున్న వాళ్లెవరికీ కనబడని భాగం అది. దాని కోసమే ఆ సీటు కొన్నానని నేను చెప్పుకోను, అలా దొరికింది.

ఆ మధ్య అమ్మకి నీటికాసులు అని తేలింది, గ్లాకోమా. గిన్నె లాంటి మెషీన్లో గడ్డం ఆనించి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. పరీక్ష అయ్యాక ఒక కాగితం ఇస్తారు, ఎక్కడ చూపు ఉందో అక్కడ తెల్లగా, లేనిచోట నల్లగా. నేను ఇన్నేళ్లు చూసిన సీటింగ్ మ్యాపుల్లాగే ఉంది. ఎడమ కంటికి బయటి అంచు చాలావరకు నల్లగా ఉంది. కుడి కన్ను ప్రస్తుతానికి బాగానే ఉంది. నన్ను కలవరపెట్టింది నలుపు కాదు, అది ఉందని అమ్మకి తెలియకపోవడం. ఎన్నేళ్లుగానో ఏమో. లేని చోట నల్లగా కనిపించదట, పక్కనున్న దాంతో మెదడే పూడ్చేస్తుందట. నాకంతా కనిపిస్తానే ఉంది కదా అని డాక్టరుతో వాదించింది. రోజూ చుక్కలు వేస్తున్నాం. పోయింది రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి.

అప్పటి నుంచి తిరుపతిలో ఏ బ్యాలేకి వెళ్లినా మేం హాలు ఎడమ చివర కూర్చుంటాం. అక్కడి నుంచి స్టేజీ అంతా అమ్మకి కుడి వైపు పడుతుంది. మధ్యలో ఖాళీ ఉన్నా వెళ్లం. తెలిసినవాళ్లు చూసి, ఇట్లా రండి ఇక్కడ బాగా కనబడుతుంది అని పిలుస్తారు. ఒక్కొక్కరికీ గ్లాకోమా గురించి చెప్పలేం కాబట్టి, ఫ్యాను గాలి ఇక్కడే బాగుందంటాం.

ఈసారి బ్రహ్మోత్సవాలకి గరుడసేవ చూడాలని అమ్మ పట్టు. టీవీలో అయితే అంతా దగ్గరగా, నిండుగా చూపిస్తారు, జనంలో నలిగే పని లేదు. రెండేళ్లుగా అలాగే చూస్తోంది, ఇక వద్దంది. గ్యాలరీలో కూర్చుంటే ఎవరికైనా కనిపించేది వాహనం మన ముందు నుంచి సాగిపోయే ఆ కొద్దిసేపే. ముందు నడిచే కోలాటం బృందాలదీ అంతే, వాళ్ల ఆటలో మన ముందు పడిన ముక్క మనది, మిగతాది పై వీధి వాళ్లది. అమ్మ అడిగింది ఒక్కటే, కుడి పక్క నుంచి వచ్చే చోటు చూడమని. ఏ మాడవీధిలో అయితే అలా కుదురుతుందా అని కాగితం మీద గుడి గీసి, చుట్టూ నాలుగు వీధులు గీసి, బాణం గుర్తులు పెట్టాను. గుడి వైపు మొహం పెట్టి కూర్చుంటే నాలుగింటిలో ఎక్కడైనా ఊరేగింపు కుడి నుంచే వస్తుంది. ప్రదక్షిణం కదా మరి. ఫోన్ చేసి చెప్పాను.

“అయితే ఎన్నింటికి పొయ్యి కూర్చోవాలో అది కనుక్కో ముందు” అంది.